మంటలార్పేవారి పొరపాటుకు పరిహారం ఎవరిది?

2003 జనవరి 8న ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, బ్రిండబెల్లా కొండల్లో పిడుగులు పడి అడవి అంటుకుంది. మెకింటైర్స్ హట్ అనే చోట రేగిన ఆ మంట పది రోజులపాటు పెరిగి, ఇతర మంటలతో కలిసి జనవరి 18న రాజధాని కాన్‌బెర్రా పశ్చిమ శివార్ల మీద పడింది. నలుగురు మరణించారు. దాదాపు ఐదువందల ఇళ్ళు కాలిపోయాయి. మౌంట్ స్ట్రామ్లో మీది ఖగోళ పరిశోధనశాల బూడిదయింది.

ఆ కొండ మీదే పనిచేస్తున్న ఎలెక్ట్రో ఆప్టిక్ సిస్టమ్స్ అనే సంస్థ, మంట మొదలైన అడవికి దాపున భూమి ఉన్న ఒక దంపతులు న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం మీద దావా వేశారు. మంట చిన్నదిగా ఉన్న తొలి గంటల్లోనే దానిపైకి నేరుగా వెళ్ళకుండా, దూరంగా హద్దులు ఏర్పరచి లోపలి అడవిని కాలనివ్వడం నిర్లక్ష్యమన్నది వారి వాదన. 2012 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి టెరెన్స్ హిగ్గిన్స్ ఇచ్చిన తీర్పు విచిత్రమైనది. నిర్లక్ష్యం జరిగిందని ఆయన అంగీకరించారు. పరిహారం మాత్రం ఒక్క డాలరు కూడా ఇప్పించలేదు. సదుద్దేశంతో విధి నిర్వహించిన అగ్నిమాపక దళాలకు రాష్ట్ర చట్టాలు రక్షణ కల్పిస్తాయి; ఆ రక్షణ ముందు తప్పు రుజువైనా ఫలితం లేకపోయింది. 2014లో అప్పీలు కూడా వీగిపోయింది.

ఈ రక్షణలో కొంత భాగం బీమా సంక్షోభం నుంచే పుట్టింది. 2001 మార్చిలో హెచ్.ఐ.హెచ్. అనే పెద్ద బీమా సంస్థ కుప్పకూలింది. బాధ్యతా బీమా ప్రీమియంలు చుక్కలనంటాయి. పాలసీ దొరకక ఎన్నో స్వచ్ఛంద సంఘాలు కార్యక్రమాలే మానుకున్నాయి. న్యాయమూర్తి డేవిడ్ ఇప్ నాయకత్వంలోని సమీక్ష తరువాత రాష్ట్రాలన్నీ పౌర బాధ్యత చట్టాలను సవరించాయి. బీమా దొరకని చోట చట్టమే అడ్డుగోడ కట్టిందన్నమాట. అయితే ఆ గోడ అన్నిచోట్లా ఒకే ఎత్తున లేదు. విక్టోరియాలో సదుద్దేశంతో సేవచేసిన స్వచ్ఛంద కార్యకర్త స్వయంగా బాధ్యుడు కాడు, కానీ ఆ బాధ్యత మాయమైపోదు. అది అతడు పనిచేసే సంస్థ మీదికి మళ్ళుతుంది. కార్యకర్త నిశ్చింతగా నిద్రపోవచ్చు. సంస్థ కోశాధికారికి ఆ వీలు లేదు.

అదనపు బాధ్యతా బీమా అవసరమయ్యేది ఇక్కడే. ఒక రక్షణ సంఘానికి రెండుకోట్ల డాలర్ల మూల పాలసీ ఉందనుకుందాం. పరిహారం మూడుకోట్లయితే మొదటి రెండుకోట్లు ఆ పాలసీ చెల్లిస్తుంది, మిగిలిన కోటి దానిమీద పరచిన రెండవ పొర భరిస్తుంది. పై పొర వరకూ చేరే నష్టాలు అరుదు కాబట్టి, అంతే మొత్తానికి దాని ప్రీమియం సాధారణంగా కింది పొరకన్నా తక్కువ. కొనేవారు చూడవలసింది మొత్తం ఒక్కటే కాదు. ఆ పరిమితి ఒక్కొక్క సంఘటనకా, ఏడాది మొత్తానికా? వకీళ్ళ ఖర్చు ఆ పరిమితిలో భాగమా, దానికి అదనమా? కింది పాలసీ మినహాయించిన వాటిని పై పాలసీ కూడా మినహాయిస్తుందా? దావా గెలిచిన సంస్థ కూడా ఏళ్ళ తరబడి వాదించవలసి రావచ్చు. చట్టరక్షణ తీర్పు నాటికి అక్కరకొస్తుంది, అప్పటిదాకా అయ్యే ఖర్చుకు బీమాయే ఆధారం.

ప్రభుత్వ దళాలు ఈ పాలసీలను సాధారణంగా బజారులో విడివిడిగా కొనవు. న్యూ సౌత్ వేల్స్‌లో 1989 నుంచి ట్రెజరీ మేనేజ్డ్ ఫండ్, విక్టోరియాలో 1996లో ఏర్పడిన మేనేజ్డ్ ఇన్సూరెన్స్ అథారిటీ ఆ భారం మోస్తున్నాయి. పెద్ద నష్టాల కోసం అవి కూడా పైన పునర్బీమా కొంటాయి, అంటే పొరల లెక్క అక్కడా ఉన్నదే. గాయపడిన స్వచ్ఛంద కార్యకర్తకు చెల్లించే పరిహారం మాత్రం వేరే ఖాతా. న్యూ సౌత్ వేల్స్‌లో దానికి 1987 నాటి ప్రత్యేక చట్టం ఉంది.

అంత పెద్ద పొరలు నిజంగా అవసరమా అనే సందేహానికి 2009 ఫిబ్రవరి 7 సమాధానం చెబుతుంది. ఆనాటి విక్టోరియా కార్చిచ్చుల్లో 173 మంది చనిపోయారు, వారిలో 119 మంది కిల్‌మోర్ ఈస్ట్ మంటకే బలయ్యారు. తెగిన విద్యుత్తు తీగ అందుకు కారణం. బాధితుల సామూహిక దావా రెండువందలకు పైగా రోజులు విచారణ సాగి, 2014లో దాదాపు 49.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. పెద్ద వాటా విద్యుత్తు సంస్థది, దాని బాధ్యతా బీమా ఆ సొమ్ము భరించింది. సకాలంలో హెచ్చరించలేదన్న ఆరోపణ ఎదుర్కొన్న రాష్ట్ర పక్షం, అందులో అగ్నిమాపక సంస్థ కూడా ఉంది, పదికోట్లకు పైగా ఇచ్చింది. అది రాజీయే గనుక తప్పెవరిదో న్యాయస్థానం తేల్చలేదు. అయినా బాధితుల చేతికి డబ్బు వచ్చింది, కాన్‌బెర్రా కేసులోని దంపతులకు దక్కనిది అదే.

న్యూ సౌత్ వేల్స్‌లో ఇల్లు కొనుక్కున్న తెలుగువారు తమ ఇంటి బీమా బిల్లులో అత్యవసర సేవల సుంకం అనే పద్దు చూసే ఉంటారు. అగ్నిమాపక, అత్యవసర దళాల ఖర్చులో 73.7 శాతం బీమా సంస్థల ద్వారా, అంటే పాలసీదారుల నుంచే, వసూలు చేసే పద్ధతి అక్కడిది. బీమా లేని పొరుగింటికి కూడా అదే దళం వస్తుంది. దళం పొరబడి ఇల్లు కాలితే దావా నిలవడం కష్టం; యజమానికి మిగిలే ఆధారం, ఆ సుంకం కలిపి కట్టిన ఆ ఇంటి పాలసీయే.