క్రొత్త యింట మొదటి యేడు

ఇల్లు కట్టుట యొక యెత్తు, దానిని మనదిగా చేసికొనుట యొక యెత్తు. గృహప్రవేశమునాడు పాలు పొంగించి, బంధువులకు భోజనములు పెట్టి పంపినంతనే యిల్లు మనదైనదని తలతుము. కాని యందుల కొక సంవత్సరమైనను పట్టునని నేను అనుభవమువలన తెలిసికొంటిని.

మేము భీమవరము శివారున చిన్న యిల్లు కట్టుకొంటిమి. అప్పు వాయిదాలు పోగా చేత మిగులునది స్వల్పము. అయినను గోడలకు ఖరీదైన రంగులును, కిటికీలకు పట్టుతెరలును వెంటనే కావలెనని నాకు ఆరాటము. మా యత్తగారు నరసాపురము దాపుననున్న పల్లెను విడిచి మాతో నుండుటకు వచ్చిరి. తన పెరడును, ఇరుగుపొరుగును పోగొట్టుకొనిన యామె దినమెల్ల వసారాలో మౌనముగా కూర్చుండెడివారు. ఆ మౌనము నాకు మిక్కిలి భారముగా నుండెను.

మొదట గోడల మాట చెప్పెదను. తొందరపడి ముందుగదికి రంగు వేయించితిని. కొలది నెలలకే యది పొక్కులెక్కి రాలిపోయినది. సిమెంటుపూత యారకమునుపే రంగు వేసినచో, లోని తేమ వెలికి వచ్చుచు రంగును త్రోసివేయును. దానితో లవణములును తెల్లని పొడివలె పైకి తేలును. ఆ పొడిని నీటితో కడుగరాదు, పొడికుంచెతో దులుపవలెను. గోడ చక్కగా ఆరువరకు సున్నము చాలును. అది తేమను బయటికి పోనిచ్చును, ఖర్చును తక్కువ.

పెరటిలోను నా తొందరయే నన్ను మోసగించినది. నేను చల్లిన తోటకూర, బెండ మొలచియు పసుపుబారి యెదుగక నిలిచెను. ఒకనాడు అత్తగారు వసారా దిగివచ్చి, గుప్పెడు మన్ను తీసి చూచి, “అమ్మాయీ, ఇది మన్ను కాదు, మేస్త్రీలు వదలిపోయిన చెత్త” అనిరి. త్రవ్వి చూడగా సిమెంటు పెళ్ళలును, ఇటుక ముక్కలును బయలుపడెను. సున్నము, సిమెంటు కలసిన నేలలో క్షారము హెచ్చును; అందలి యినుమును మొక్క గ్రహింపజాలదు; అందుచే నాకులు పాలిపోవును. మేము మోకాలిలోతు త్రవ్వి, చెత్త తీసివేసి, చెరువుమన్నును, మాగిన పశువుల యెరువును నింపితిమి. మా ప్రాంతపు నల్లమన్ను నీరు నిలుపును గనుక మళ్ళను జానెడెత్తు చేసితిమి. తోటకూర నెలనాళ్ళకు, బెండ సుమారు 50 దినములకు చేతికి వచ్చెను.

పందిరిమీది యానపపూవులు రాలిపోవుచుండగా నేను దిగులుపడితిని. అత్తగారు నవ్వి, “మొదట పూచునవి మగపూవులు, అడుగున పిందె గలదియే ఆడుపూవు” అని చూపి, సాయంకాలము పూవులు విచ్చినతరి ఒకదాని పుప్పొడిని రెండవదాని కంటించిరి. నాటినుండి యామె వసారాలో ఊరక కూర్చుండుట మానిరి.

ఇక తెరలు. ఆమె తన పెట్టెనుండి కొక్కెపు సూదిని తీసిరి. నరసాపురప్రాంతమున 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీల మూలమున నెలకొనిన లేసు అల్లిక నేటికిని వేలకొలది స్త్రీల చేతిపని. 2024లో దానికి భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఆ లేసు విదేశములకు పోవును. అల్లిన చేతికి దక్కునది కొలది కూలియే. మా యత్తగారును ఏజెంటు ఇచ్చిన దారముతో చిన్ననాటినుండి అల్లినవారే. “నలుబదేండ్లు అల్లితిని గాని, నా గుమ్మమునకు మూరెడు లేసైనను కట్టి యెరుగను” అనిరి. పట్టుతెరలకై పోరుచుండిన నేను ఆ మాటకు తల వంచుకొంటిని.

మరునాడే తెల్లని నూలుదారపు టుండలు తెచ్చితిని. ఆమె నాకు గొలుసుకుట్టు నేర్పిరి. దీపము పెట్టిన పిమ్మట దినమున కొక గంటచొప్పున ఇద్దరమును కూర్చుండి మూడు నెలలకు తెర యంచు పూర్తిచేసితిమి. అందు నేనల్లిన భాగము వంకరగా నున్నది. విప్పెదనన్నను ఆమె ఒప్పుకొనలేదు.

సోదరీమణులారా! క్రొత్త యింటికి మొదట కావలసినది ధనము కాదు, ఓపిక. గోడలను ఆరనిండు, నేలను బాగుచేసికొనుడు. ఇంటనున్న పెద్దల చేతులలో ఏ విద్య యడగియున్నదో యడిగి తెలిసికొనుడు. మా ముందుగది నేటికిని సున్నముతోనే యున్నది. కాని దాని కిటికీకి వ్రేలాడు లేసు మా యత్తగారు కూలికొరకు గాక తన యింటికొరకు అల్లిన మొదటి లేసు.