పత్రములకు ఒకే రూపము: స్టైలు, టెంప్లేటు

ఒక ఉన్నత పాఠశాల కార్యాలయమునుండి సంవత్సరము పొడవునా పలు పత్రములు వెలువడుచుండును: ప్రశ్నపత్రములు, సర్క్యులర్లు, స్టడీ సర్టిఫికెట్లు, తల్లిదండ్రులకు పంపు జాబులు. వీటిని కంప్యూటరుపై తయారుచేయువారు నలుగురైదుగురు ఉందురు. ఒకరు శీర్షికను 14 పాయింట్ల అక్షరములతో నడుమ ఉంచుదురు. మరియొకరు 18 పాయింట్లతో ఎడమ ప్రక్కన ఉంచి క్రింద గీత గీయుదురు. ఇది అందమునకు సంబంధించిన చిన్న విషయమని తోచవచ్చును. కాని దీనికి మూలము మరింత లోతైనది.

ఒక పంక్తిలోని అక్షరములను పెద్దవి చేసి, ముదురుగా మార్చినప్పుడు, కంప్యూటరుకు తెలియునది 'ఇవి పెద్దవి, ముదురువి' అను మాత్రమే. అది శీర్షిక అని చదువరి కన్ను గ్రహించును, యంత్రము గ్రహింపదు. ఆ పంక్తి ఎట్లు కనబడవలెనో దానికి చెప్పబడినది గాని, ఆ పంక్తి ఏమిటో చెప్పబడలేదు.

ఈ రెండింటిని వేరుచేయవలెనను ఆలోచన క్రొత్తది కాదు. 1967 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణాలయమున జరిగిన ఒక సమావేశములో విలియం టన్నిక్లిఫ్ ఈ అంశముపైననే ప్రసంగించెను. 1969లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ అనువారు పత్రములోని భాగములకు పేర్లు పెట్టు జి.ఎం.ఎల్. అను గుర్తుల భాషను రూపొందించిరి. దానినుండి పెరిగిన ఎస్.జి.ఎం.ఎల్. 1986లో అంతర్జాతీయ ప్రమాణమైనది.

నేడు వర్డ్, లిబ్రె ఆఫీస్ రైటర్ వంటి ప్రోగ్రాములలో 'స్టైలు' అనునది ఇట్టి పేరే. 'శీర్షిక' అను స్టైలుకు ఫాంటు, సైజు, పంక్తుల ఎడము మొదలగు గుణములు ఒకేచోట నిర్ణయింపబడును. పంక్తికి ఆ పేరు తగిలించిన చాలును. ఆరుగురు ఉపాధ్యాయులు తలకు 40 శీర్షికలు గల భాగములు వ్రాసి ఒక పుస్తకముగా కూర్చిరనుకొందము. శీర్షికల సైజు మార్చవలసివచ్చిన, చేతితో దిద్దువారు 240 చోట్ల దిద్దవలెను. స్టైలు వాడినవారు ఒక్కచోట దిద్దిన చాలును.

తెలుగు పత్రములకు దీని అవసరము మరింత కలదు. 'రాష్ట్రము' వంటి మాటలో వత్తులు పంక్తికి దిగువకు వ్రేలాడును. ఇంగ్లీషు అక్షరములకు సరిపోవునట్లు పంక్తుల ఎడమును ఇన్ని పాయింట్లని బిగించినచో ఆ వత్తులు తెగిపోవచ్చును. మూలమైన స్టైలులో ఎడము పెంచినయెడల, దానిపై ఆధారపడి, వేరుగా ఎడము నిర్ణయింపని స్టైలులన్నియు తామే సవరించుకొనును.

స్టైలులను, మారని వాక్యములను, పూరింపవలసిన ఖాళీలను కలిపి భద్రపరచిన మాతృకయే 'టెంప్లేటు'. దీనిని తెరచినప్పుడు పేరులేని క్రొత్త ప్రతి వచ్చును, మాతృక చెక్కుచెదరదు. ఇది లేనిచోట పాత సర్టిఫికెటునే తెరచి పేరు మార్చుట వాడుక. అట్లు చేసినప్పుడు పాత విద్యార్థి పుట్టినతేదీ క్రొత్త విద్యార్థి పత్రములో మిగిలిపోవచ్చును. ఆ పొరపాటు పై చదువుల వరకు ఆ విద్యార్థిని వెంటాడును.

పలువురు వాడు టెంప్లేటుకు కొన్ని కట్టుబాట్లు కావలెను. అది అందరికి అందుబాటులోనున్న ఒకే ఫోల్డరులో ఉండవలెను. మార్చు అధికారము ఒకరికే ఉండి, తక్కినవారు చదువుటకు, వాడుటకు మాత్రము వీలుండవలెను. పేరులో సవరించిన తేదీ చేర్చుట మంచిది. టెంప్లేటును మార్చినంతమాత్రమున పాత పత్రములు మారవని గుర్తుంచుకొనవలెను. వర్డ్‌లో ప్రత్యేకముగా కోరిననే పాత పత్రము క్రొత్త స్టైలులను గ్రహించును. రైటర్ ఆ పత్రమును తెరచినప్పుడు స్టైలులను మార్చవలెనా అని అడుగును.

ఈ ఏర్పాటును చెడగొట్టునవి ముఖ్యముగా రెండు. వేరొకచోటినుండి తెచ్చి అతికించిన భాగము తన రూపమును వెంటతెచ్చును; కనుక దానిని వట్టి అక్షరములుగా అతికించి, పిదప స్టైలు తగిలించవలెను. రెండవది, స్టైలుపైన చేతితో చేసిన మార్పు. స్టైలును తరువాత సవరించినను, ఆ పంక్తి మాత్రము పాత రూపముననే నిలిచిపోవును.

ఇందలి అసలు ప్రయోజనము చూపులేని చదువరి విషయమున తెలియును. ఎన్.వి.డి.ఎ. వంటి ప్రోగ్రాములు తెరమీది అక్షరములను బిగ్గరగా చదివి వినిపించును. స్టైలుతో గుర్తించిన శీర్షికలున్నచో ఆ విద్యార్థి ఒక మీట నొక్కి మూడవ పాఠమునకు పోగలడు. కేవలము అక్షరములను పెద్దవి చేసి విడిచినచో మొదటినుండి వినుచు వెదకుకొనవలెను. పుటల సంఖ్యలతో విషయసూచికను కంప్యూటరు తానే తయారుచేయుటయు ఆ గుర్తుల వలననే సాధ్యము.

విద్యార్థులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. వర్డ్ పత్రమునకు ఒక నకలు తీసి, పేరు చివరనున్న 'డాక్‌ఎక్స్' అను మాటను 'జిప్' అని మార్చి తెరచినచో, లోపల పలు ఫైళ్ళు కనబడును. 'వర్డ్' అను ఫోల్డరులో 'డాక్యుమెంట్' అను ఫైలున వ్రాసిన విషయము, 'స్టైల్స్' అను ఫైలున రూపమునకు సంబంధించిన నిర్ణయములు వేరువేరుగా ఉండును. యంత్రము ఈ రెండింటికి వేరు అరలు సిద్ధముచేసియే ఉంచినది. ఏది ఏ అరలో ఉంచవలెనో ఎరిగి వ్రాయుట మాత్రము మనిషి పని.