బండి ఎంత బరువును లాగగలదు?

గత సంవత్సరము పత్తి తీయు దినములలో, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు భౌతికశాస్త్రపు గంట ముగియుచుండగా లేచి, "సార్, మా పికప్పు వెనుక ట్రాలీ కడితే ఎంత గుంజుతది?" అని మమ్ము ప్రశ్నించెను. గుంజుట యనునది మా అమ్రాబాదు ప్రాంతపు మాట; పాఠ్యపుస్తకములు దానినే లాగుట యనును. ఆ బాలుని తండ్రి పాత పికప్పు నొకదానిని కొని, దాని వెనుక రెండు చక్రముల ట్రాలీని తగిలించి, పత్తిని తానే అచ్చంపేటకు చేర్పవలెనని సంకల్పించి యుండెను. తరగతిలో జవాబులకు కొదువ లేకపోయెను. ఒకడు ఇరువది క్వింటాళ్లనెను. వేరొకడు ముప్పది యనెను. ఇంజను మంచిదైనచో ఎంతైనను లాగునని మూడవవాడు తీర్పు చెప్పెను. మాకు మాత్రము ఆ క్షణమున సరియైన జవాబు తోచలేదు. మరునాటికి లెక్క వేసికొని వత్తుమని చెప్పి తప్పించుకొంటిమి. ఆ లెక్కనే ఇచ్చట వ్రాయుచున్నాము.

లాగుట యనగానే మనము ఇంజను శక్తిని తలచుకొందుము. సమతలమైన తారు రోడ్డుపై నిజమునకు మిక్కిలి స్వల్పమైన బలము చాలును. చక్రములు దొర్లునప్పుడు కలుగు అడ్డు, బరువులో నూటికి రెండు పాళ్లని యనుకొందము. పికప్పు, ట్రాలీ, సరకు అన్నియు కలిసి 3,750 కిలోలైనచో, నిదానముగా సాగుటకు 75 కిలోల లాగుడు చాలును. నిలిచిపోయిన జీపును ఇద్దరు మనుష్యులు నెట్టగలుగుట ఇందుచేతనే. అదే బండి, పదునైదు అడుగుల దూరమునకు ఒక అడుగు చొప్పున లేచు ఎక్కుడునకు వచ్చినప్పుడు, మొత్తము బరువులో పదునైదవ వంతు, అనగా 250 కిలోలు, అదనముగా కావలెను. 75 ఉన్నచోట 325 అయినది, నాలుగింతలకు మించినది. ఎక్కుడులో ఇంజను చాలనిచో బండి నిలిచిపోవును, లేదా రేడియేటరులోని నీరు మరగి ఆవిరి చిమ్మును. చక్రము క్రింద రాయి పెట్టుటకు చురుకైన కుర్రవాడొకడు ప్రక్కనున్నచో నష్టము అంతటితో ఆగును.

అయితే మన ఊరి సంగతి వేరు. అమ్రాబాదు పీఠభూమిపై నున్నది. మన పత్తియు, వేరుసెనగయు, మక్కలును మన్ననూరు దాటి ఘాటు దిగి అచ్చంపేట వైపునకు పోవును. నిండుబండి దిగును, ఖాళీబండి ఎక్కును. ఎరువుల బస్తాలు, సిమెంటు మాత్రమే దీనికి ఎదురు నడచునవి. కాబట్టి మన యింజను ఎంత లాగగలదను ప్రశ్న కంటె, మన బ్రేకులు ఎంత పట్టి యుంచగలవను ప్రశ్న ముందుగా అడుగదగినది.

దిగుడులో ఏమి జరుగునో చూడుడు. ఎక్కునప్పుడు అడ్డుపడిన ఆ 250 కిలోలే ఇప్పుడు వెనుకనుండి త్రోయును. దొర్లుడు అడ్డు 75 పోగా మిగిలిన 175 కిలోల త్రోపును బ్రేకులో, ఇంజనో భరింపవలెను. 3,750 కిలోల బండి నూరు మీటర్ల ఎత్తు దిగునప్పుడు వెలువడు శక్తి, ముప్పది డిగ్రీలనున్న పన్నెండున్నర లీటర్ల నీటిని మరగించుటకు సరిపోవును. అందులో మూడవ వంతునకు కొంచెము తక్కువ చక్రముల దొర్లుడులో పోయినను, ఎనిమిది లీటర్లకు పైగా నీటిని మరగించు వేడి మిగులును. డ్రైవరు కాలు బ్రేకుపైననే ఉంచినచో ఆ వేడి యంతయు బ్రేకులలోనికి పోవును. వేడెక్కిన బ్రేకు పట్టు సడలును. గొట్టములలోని నూనె మరగినచో తొక్కుడు మెత్తబడి కాలు నేలకు తగులును. తక్కువ గేరులో దిగినచో ఆ భారములో అధికభాగమును ఇంజను తీసికొనును. డీజిలు మిగులునని న్యూట్రలులో దింపువారు మన ప్రాంతమున తక్కువ మంది కారు. వారు మిగిల్చు డీజిలు గ్లాసెడు కూడ నుండదు.

ఆగు దూరమును కూడ విద్యార్థులచేత కట్టించితిమి. గంటకు 40 కిలోమీటర్ల వేగమున, సమతలముపై, 2,750 కిలోల పికప్పు ఒంటరిగా పన్నెండు మీటర్లలో ఆగుననుకొందము. దానికి బ్రేకులు లేని ఒక టన్ను ట్రాలీ తగిలించి, పైని చెప్పిన దిగుడులో దింపినచో, అవే బ్రేకులతో ఇరువది మీటర్లు కావలెను. ట్రాలీ మూడు టన్నులైనచో ముప్పదియైదు. డ్రైవరు చూచి కాలు కదపుటకు పట్టు ఒక్క సెకండులో గడచిపోవు పదునొకండు మీటర్లు వీటిలో చేరలేదు. మలుపు వద్ద ఒక బఱ్ఱె అడ్డు వచ్చుటకు ఎంత సేపు పట్టునో మన విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. పైగా బరువైన ట్రాలీ వంకర దారిలో పికప్పు వెనుకభాగమును ప్రక్కకు నెట్టి, రెండింటిని కత్తివలె మడచివేయగలదు.

పికప్పులు మిక్కిలి వాడుకలోనున్న అమెరికాలో ఈ సంగతిని పరీక్షించుటకు ఇంజనీర్ల సంఘము ఒక పద్ధతిని ఏర్పరచినది. ఆరిజోనా రాష్ట్రమున కొలొరాడో నదిపై డేవిస్ ఆనకట్ట యున్నది. దాని సమీపమునుండి కొండపైకి పోవు పదునొకండున్నర మైళ్ల దారియే వారి పరీక్షకు కొలబద్ద. నూరు ఫారన్‌హీటు డిగ్రీల ఎండలో, చల్లని గాలి యంత్రము పూర్తిగా నడచుచుండగా, సాధారణమైన పికప్పు తన ట్రాలీతో గంటకు 40 మైళ్లకు తగ్గకుండ ఆ ఎక్కుడును ఎక్కవలెను. నిలిచిన చోటునుండి ఎక్కుడులో కదలుట, మలుపులో అదుపు, బ్రేకు పట్టు కూడ ఆ పరీక్షలో చూతురు. శ్రీశైలము ఆనకట్టనుండి దోమలపెంట వైపునకు ఎండకాలమున ఎక్కిన వారికి ఆ పరీక్ష ఎట్టిదో ఊహకందును. ఇందులో మేము గమనింపదగినదిగా తలచిన యంశము వేరొకటి: బండిలో ఇద్దరే ఉందురనియు, ఒక్కొక్కరు 68 కిలోలకు మించరనియు లెక్కించియే ఆ సంఖ్యను నిర్ణయింతురు. మూడవవాడు ఎక్కినచో వాని బరువును లాగుబరువునుండి తీసివేయవలెను.

ఇక మన లెక్క. ఇచ్చటి సంఖ్యలు ఉదాహరణకొరకు మేము కల్పించుకొన్నవి; ఎవరి బండికి వారి కాగితములను చూచుకొనవలెను. పికప్పు ఖాళీ బరువు 1,700 కిలోలు. రిజిస్ట్రేషను పత్రము అనుమతించు నిండుబరువు 3,000. పికప్పును ట్రాలీని కలిపి మించరాని జంటబరువు 4,000 అని తయారుచేసినవారు వ్రాసిరనుకొందము. డ్రైవరు, ఇద్దరు కూలీలు 200; జాకీ, మోకులు, తాటిపత్రి 50; తొట్టిలో సరకు 800. పికప్పు ఇప్పుడే 2,750 అయినది. 4,000 నుండి తీసివేయగా ట్రాలీకి మిగిలినది 1,250. తయారుచేసినవారి పుస్తకము 1,500 వరకు లాగవచ్చునని చెప్పినను అది ఇచ్చట పనికిరాదు. వెనుక బిగించిన కొక్కెముపై 1,000 అని చెక్కియున్నచో 1,250 కూడ పనికిరాదు. అన్నిటిలో చిన్న సంఖ్యయే మన సంఖ్య. ఆ వేయి కిలోలలో ఖాళీ ట్రాలీ బరువు 450 అనుకొన్నచో, దానిలో వేయదగిన సరకు 550 కిలోలు, అయిదున్నర క్వింటాళ్లు. ముప్పది యని చెప్పినవాడు నల్లబల్లవైపు చూచుచు కొంతసేపు పలుకలేదు.

కొన్ని పికప్పుల పుస్తకములలో లాగుబరువు అను సంఖ్యయే కనబడదు. కనబడనిచో ఎంతైనను లాగవచ్చునని కొందరు అర్థము చెప్పుకొందురు. ఆ బండికి ట్రాలీ కట్టుటకు అనుమతియే లేదని గ్రహింపవలెను. చట్టము కూడ పత్రములోని బరువునే చూచును. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, మించిన బరువునకు 20,000 రూపాయల జరిమానా, ఆపై మించిన ప్రతి టన్నునకు 2,000.

బరువు ఎంత యనునది తెలిసినను, దానిని ఎచ్చట ఉంచవలెనను ప్రశ్న మిగులును. దీనికి శిక్షణ కళాశాలలో మేము నేర్చిన తులాదండపు పాఠము కంటె ఎద్దుబండి తోలిన ముసలివాని మాట ఎక్కువ ఉపయోగపడును. బరువు వెనుకకు పడినచో కాడి పైకి లేచి ఎద్దుల మెడకు పలుపు బిగియును; మిక్కిలి ముందునకు పడినచో మెడలు కుంగును. ట్రాలీయు అట్టిదే. దాని మొత్తము బరువులో నూటికి పదినుండి పదునైదు పాళ్లు కొక్కెముపై ఆనవలెను. అంతకు తగ్గినచో ట్రాలీ వేగము హెచ్చిన కొలది చేప తోకవలె ఊగును. మించినచో పికప్పు వెనుక కుంగి, ముందు చక్రములు తేలికయై స్టీరింగు మాట వినదు. కొక్కెముపై ఆనిన ఆ బరువు పికప్పు నిండుబరువులో చేరును. పైని లెక్కలో దానికి 250 కిలోల చోటు మాత్రమే ఉన్నది.

సరకు చూచి కంటితో బరువు కట్టుట మోసకరము. పత్తి ఎత్తుగా కనబడును; బరువు తక్కువ, కాని మలుపులో ఒరుగుటకు సిద్ధముగా నుండును. ఇసుక అడుగున పరచినట్లుండి ఘనమీటరునకు ఇంచుమించు 1,600 కిలోలు తూగును, తడిసినచో ఇంకను హెచ్చు. నీటి ట్యాంకరు సగము నిండినప్పుడు నిండినదానికంటె తేలికయే గాని, లోపలి నీరు బ్రేకు వేయగానే ముందునకు దుమికి బండిని త్రోయును.

మన గ్రామములలో పికప్పుకంటె ట్రాక్టరే ఎక్కువగా ట్రాలీని లాగునది. దానికి ఎడమ చక్రమునకు ఒకటి, కుడి చక్రమునకు ఒకటి చొప్పున రెండు బ్రేకు పెడళ్లుండును. దుక్కిలో మలుపుటకు అవి విడివిడిగా ఉపయోగపడును. రోడ్డెక్కునప్పుడు ఆ రెండింటిని జోడించు కొక్కి వేయకున్నచో, ఒక్క ప్రక్కనే బ్రేకు పడి ట్రాక్టరు తిరుగబడగలదు. ఇంటికి పోయి మీ ట్రాక్టరులో ఆ కొక్కి యున్నదో, త్రుప్పు పట్టి ఊడిపోయినదో చూచి రమ్మని విద్యార్థులకు చెప్పితిమి. మరునాడు వచ్చిన జవాబులు మాకు సంతోషము కలిగింపలేదు.

ట్రాలీలో మనుష్యులను ఎక్కించుటకు ఈ లెక్కలలో ఏ గడియు లేదు. 2018 జూన్ నెలలో, పూర్వపు నల్లగొండ జిల్లాలోని వలిగొండ మండలమున, పనికి పోవు కూలీల ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిమందికి పైగా మరణించిరి. వారిలో అధికులు స్త్రీలు. పత్తి తీయు దినములలో మన విద్యార్థుల తల్లులును అట్లే పోవుచుందురు.

ఆ బాలుని తండ్రి మా లెక్కను విని నవ్వెను. అయినను కుమారుని పోరు పడలేక, అచ్చంపేటకు పోయినప్పుడు ఖాళీ ట్రాలీని కాంటాపై నిలిపెను. మేము 450 అనుకొన్నది 620 తూగినది; ప్రక్క పలకలు ఎత్తు పెంచుటకు అతడు చేయించిన ఇనుపపని అందుకు కారణము. వేయిలో సరకునకు మిగిలినది 380 కిలోలు. అతడు ఆ పలకలను విప్పించి, ఇప్పుడు ఒక్క సారికి బదులు రెండు సారులు పోవుచున్నాడు. డీజిలు ఖర్చు హెచ్చినదని మమ్ము బజారులో చూచినప్పుడెల్ల తప్పక చెప్పుచున్నాడు.