పెయ్యదూడకు చలికాలపు మేత

కంచిలి, సోంపేట, కవిటి ప్రాంతములందు మార్గశిరము ప్రవేశించి వరికోతలు ముగియవచ్చుసరికి, కళ్లముల ప్రక్క క్రొత్తగడ్డి కుప్పలు లేచును. పశువులున్న యింటి యిల్లాలికి ఆ కుప్పను జూచినచో ధైర్యము కలుగుట సహజము. ఏడాదికి సరిపడు మేత వచ్చినదని తలచి, పాడియావునకు తవుడును చెక్కయు పెట్టి, పెయ్యదూడ ముందర మాత్రము ఇంత వరిగడ్డి విదిల్చి యూరకుందురు. పాలీయని దానికి దాణా యెందుకని వారి లెక్క. ఆ లెక్క తప్పని మేము చెప్పదలచినాము.

సంకరజాతి పెయ్య పుట్టినప్పుడు సుమారు 25 కిలోలుండును. చూలు కట్టింపదగిన బరువు సుమారు 250 కిలోలు. నడుమ పెరుగవలసినది 225 కిలోలు. దినమునకు 500 గ్రాముల చొప్పున పెరిగిన పెయ్య 15 నెలలలో నా బరువందుకొనును. 250 గ్రాములే పెరిగినచో 30 నెలలు పట్టును. ఎక్కువైన ఆ 15 నెలలును అది మేయుచునే యుండును; పేడ తప్ప మఱేమియు నీయదు. దాణాలో మిగిల్చితిమనుకొన్న సొమ్మంతయు ఆ నెలల మేత క్రిందనే పోవును. నాటు పెయ్యలకు ఇంత బరువు అక్కఱలేదు గాని, ఎదుగుదల నిలిచినచో ఎద ఆలస్యమగుట వానికిని తప్పదు.

ఉద్దానపు సోదరీమణులకు ఈ లెక్క మఱింత ముఖ్యము. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఈ ప్రాంతపు కొబ్బరి, జీడి, పనస తోటలు విస్తారముగా కూలిపోయినవి. కొబ్బరిమొక్క నాటినవారు కాయ చూచుటకు ఏండ్లు వేచియుండవలసినదే. పెయ్య యట్లు కాదు. చక్కగా మేపినచో మూడేండ్లు నిండకమునుపే యీని, పూటపూటకు పాలడబ్బు చేతికిచ్చును. ఆ డబ్బు చాల యిండ్లలో ఇల్లాలి కొంగుననే ముడిపడును గనుక, ఈ సంగతి మగవారికి విడిచిపెట్టదగినది కాదు.

వరిగడ్డి కడుపు నింపును గాని కండ పెంచదు. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకు మించవు. పెరుగు పెయ్యకు మొత్తము మేతలో సుమారు 12 పాళ్లు కావలెను. మఱియు వరిగడ్డిలోని ఆక్జలేటు పశువునకు సున్నపుధాతువు అందకుండ చేయును. కావుననే గడ్డితో మేపు పశువునకు ఖనిజలవణ మిశ్రమము తప్పనిసరి. దొరకినచోట చోడిగడ్డి వరిగడ్డికంటె మేలు.

వరిగడ్డిని యూరియాతో మాగవేసినచో దాని మాంసకృత్తులు ఇంచుమించు రెట్టింపగును. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, గడ్డిని పొరలుపొరలుగా పఱచుచు చల్లి, త్రొక్కి, గాలి చొరకుండ టార్పాలినుతో కప్పి, మూడు వారములుంచవలెను. పెట్టుటకు ముందు కావలసినంత తీసి, ఘాటు పోవువఱకు గాలికి ఆరవేయవలెను. ఆఱు నెలలు నిండని దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా కలిపిన నీళ్లు పశువు త్రాగినచో ప్రాణాపాయము. ఆ నీళ్ల బాల్చీని కుడితితొట్టి దరికి రానీయకుడు.

ఇంతకంటె సులువైనది ఆకు. చలికాలమున గట్లపై పచ్చిక వాడినను, కంచె వెంబడి నాటిన అవిశ, సుబాబులు, గిరిపుష్పము పచ్చగానే యుండును. దినమునకు రెండు మూడు కిలోల యాకు పెయ్యకు పెద్ద బలము. సుబాబులును మాత్రము పచ్చిమేతలో మూడవవంతుకు మించనీయరాదు. బావినీరు పాఱు కొబ్బరితోటలో చెట్లనీడను గినీగడ్డి చక్కగా పెరుగును. వరిచేలలో వేసిన మినుము, పెసర, ఉలవ నూర్చిన పిదప వచ్చు పొట్టును తగులబెట్టుట మేము చూచుచున్నాము. లక్ష్మిని కాల్చుకొనుటయే అది!

ఇక దాణా. మూడు కిలోల వేరుసెనగచెక్క, నాలుగు కిలోల తవుడు, రెండు కిలోల 700 గ్రాముల ఉలవపిండి లేదా నూకలు, 200 గ్రాముల ఖనిజలవణ మిశ్రమము, 100 గ్రాముల ఉప్పు కలిపినచో 10 కిలోలగును. సుమారు 150 కిలోల పెయ్యకు దినమునకొక కిలో చాలును. దానితో పైన చెప్పిన యాకును, తిన్నంత గడ్డియు. కొబ్బరిచెక్క చౌకగా దొరకినచో అదియు మంచిదే, కాని బలము కొంచెము తక్కువ, నిలువయుంచిన కనరువాసన పట్టును. బూజుపట్టిన చెక్క ఏదైనను పెట్టరాదు. పెండ్లిలో మిగిలిన అన్నమును జాలిపడి గంపెడు పెట్టుదురు; దానివలన కడుపుబ్బి పశువులు చచ్చుటయు కలదు.

పెయ్య పెరుగుచున్నదో లేదో కంటితో చెప్పుట కష్టము. కుట్టుమిషను పెట్టెలోని టేపుతో ముందుకాళ్ల వెనుక ఛాతి చుట్టుకొలతను, భుజము మొన నుండి పిరుదు చివరవఱకు పొడవును అంగుళములలో కొలువుడు. చుట్టుకొలతను దానితోనే గుణించి, పొడవుతో మరల గుణించి, 660 చేత భాగించినచో కిలోలలో ఉజ్జాయింపు బరువు తెలియును. చుట్టుకొలత 50, పొడవు 45 అయినచో బరువు సుమారు 170 కిలోలు. నెలకొకమారు కొలిచి గోడమీది క్యాలెండరులో వ్రాసికొనుడు. నెలకు 15 కిలోలు పెరిగినచో మేత సరిపోయినది. మంచిమేత పెట్టినను పెరుగనిచో కడుపులో పాములున్నవేమోయని పశువైద్యునికి చూపి మందు పోయింపవలెను. లేనిచో మన చెక్కను పాములే తినును. మంచు పడు రాత్రులందు దూడ క్రింద పొడిగడ్డి పఱచి, ఉదయము తొట్టిలోని చల్లనీళ్లు పాఱబోసి, అప్పుడే తోడిన బావినీళ్లు పెట్టుడు.