రష్యన్ భాషకు తొలిపాఠం వంటింట్లోనే!

కొత్త భాష నేర్చుకోవాలంటే అందరూ ముందు పుస్తకం తెరుస్తారు. మనం గిన్నె మూత తెరుద్దాం!

రష్యన్ అనగానే "అమ్మో, నోరు తిరగని భాష" అనేస్తాం. కానీ వైద్యం చదవడానికి మన తెలుగు పిల్లలు ఎంతోమంది రష్యా వెళుతున్నారు. పంపించే తల్లికి ఫీజులు, చలి ఒక ఎత్తు. "అక్కడ వీడు ఏం తింటాడో, తెలియక ఏం తినేస్తాడో" అన్న బెంగ ఇంకో ఎత్తు. ఓ పాతిక మాటలు నోటికి వస్తే ఆ బెంగ సగం తీరిపోతుంది. తిండి మాటలు రోజుకు మూడుసార్లు వాడక తప్పదు కనుక, అవే అన్నిటికన్నా త్వరగా ఒంటబడతాయి. పిల్లలతోపాటు మీరూ నేర్చుకోండి. సరదాగా ఉంటుంది.

రొట్టె, ఉప్పు - ఇదీ స్వాగతం

మనం ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లిస్తాం. రష్యాలో ముఖ్యమైన అతిథులకూ, కొత్తగా పెళ్లయినవాళ్లకూ కుట్టుపని చేసిన తువ్వాలు మీద గుండ్రటి రొట్టె, దానిపైన చిన్న గిన్నెలో ఉప్పు పెట్టి ఎదురెళతారు. అతిథి చిన్న ముక్క తుంచి, ఉప్పులో అద్దుకుని తినాలి. రొట్టెను "ఖ్లేబ్" అంటారు (చివరి "బ్" కాస్త "ప్" లాగా వినిపిస్తుంది). ఉప్పు "సోల్". ఈ రెండూ కలిపి "ఖ్లెబసోల్నీ" అంటే అతిథుల్ని ఆదరించే మనిషి అని అర్థం.

అక్కడివాళ్లకు ప్రాణమైన నల్ల రొట్టెను రై అనే ధాన్యం పిండితో చేస్తారు. కొంచెం పుల్లగా, బరువుగా ఉంటుంది. అందులో "బరదీన్‌స్కీ" అనే రకం తుంచగానే మనకు తెలిసిన వాసనే వస్తుంది. ఏమిటో చెప్పుకోండి? ధనియాలు!

భోజనం వరస

మనకు పప్పు, కూర, చారు, పెరుగు అని వరస ఉన్నట్టే వాళ్లకూ ఉంది. "స్తలోవయా" అంటే భోజనశాల. అక్కడ మొదటిది "పేర్వయె", అంటే సూప్. రెండోది "ఫ్తరోయె", కడుపు నింపే వంటకం. మూడోది "త్రేత్యె". మన "తృతీయ"కు చుట్టమే ఈ మాట! ఇది తాగేది. చాలాసార్లు ఎండు పళ్లు నీళ్లలో మరిగించి, చక్కెర వేసిన "కంపోత్" ఇస్తారు.

సూపుల్లో పాతది "ష్చీ", అంటే క్యాబేజీ సూప్. బీట్‌రూట్‌తో ఎర్రగా ఉండే "బోర్ష్" కూడా రష్యా అంతటా తింటారు కానీ, దాని పుట్టిల్లు ఉక్రెయిన్. ఉక్రెయిన్ బోర్ష్ వంట సంప్రదాయాన్ని యునెస్కో 2022లో సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఇక "కాష". ఏ ధాన్యాన్నయినా మెత్తగా ఉడికిస్తే అది కాషే. బొంబాయి రవ్వ పాలల్లో ఉడికిస్తే "మాన్నయ కాష", చిన్నపిల్లల తిండి. బియ్యం పాలల్లో ఉడికిస్తే "రీసవయ కాష", దాదాపు మన పరమాన్నమే! అన్నిటికన్నా ఇష్టంగా తినేది "గ్రేచ్కా". ఉత్తరాదివాళ్లు ఉపవాసాల్లో వాడే కుట్టు గింజలే ఇవి. వేయించిన గింజలు ఒక కప్పు, నీళ్లు రెండు కప్పులు, ఉప్పు వేసి మూతపెట్టి సన్నని సెగమీద ఉడికించి, పైన వెన్న వేస్తారు. హాస్టల్లో వండుకునే పిల్లలకు ఇంతకన్నా సులువైనది లేదు.

"ష్చీ ద కాష, పీష్చ నాష" అని వాళ్ల సామెత. "ష్చీ, కాష ఉంటే చాలు, అదే మన తిండి" అని. మన పప్పన్నం మాటలాంటిదే.

మొదటి దోసె అక్కడా అంతే!

పెనం మీద మొదటి దోసె సరిగ్గా వచ్చిన రోజుందా మనకు? రష్యా ఆడవాళ్లకూ లేదు! "పేర్వీ బ్లిన్ కోమమ్" అని వాళ్ల సామెత. మొదటి "బ్లిన్" ముద్దయిపోయిందట. ఏ పనిలోనైనా తొలి ప్రయత్నం బెడిసికొడితే ఈ మాటే అని ఓదార్చుకుంటారు. భాష నేర్చుకునేవాళ్లు ముందుగా బట్టీ పట్టవలసిన వాక్యం ఇదే సుమా!

బ్లిన్ అంటే పల్చటి అట్టు. ఒకటికి మించితే "బ్లినీ". పూర్వం పిండిని ఈస్ట్‌తో పులియబెట్టే పోసేవారు. ఈస్టర్‌కు ముందు వచ్చే పెద్ద ఉపవాసాలు మొదలయ్యే ముందు వారం "మాస్లెనిత్స" పండుగ. ఆ వారం మాంసం మానేస్తారు కానీ పాలు, వెన్న, గుడ్లు తింటారు. ఇంటింటా బ్లినీలే. వెన్న, తేనె, మీగడ వేసుకుని ఆరగిస్తారు. తేనెను "మ్యోద్" అంటారు. మన "మధు"వుకు తోబుట్టువే!

పెరుగన్నం పిల్లలకు ఊరట

పెరుగు లేనిదే ముద్ద దిగదా? "కెఫీర్" అడగమనండి. చిక్కటి మజ్జిగలా పుల్లగా ఉంటుంది. "స్మెతాన" పులిసిన మీగడ. "త్వరోగ్" పొడిపొడిగా ఉండే పనీర్ లాంటిది. పాలు "మలకో", నీళ్లు "వదా". రాతలో ఇవి "మొలోకో", "వోదా" అని ఉంటాయి. నొక్కి పలకని "ఒ"ను "అ" అని పలకడం వాళ్ల అలవాటు.

వేసవిలో "క్వాస్" తాగుతారు. రై రొట్టెను నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన పానీయం ఇది. మన పెద్దవాళ్ల తరవాణి గుర్తొస్తోంది కదూ? పులిసింది కనుక మద్యం అంశ కొద్దిపాటిగా ఉంటుంది. వద్దనుకునేవాళ్లు కంపోత్‌తో సరిపెట్టుకోవచ్చు.

చాయ్ అంటే చాయే!

టీని రష్యన్‌లోనూ "చాయ్" అనే అంటారు. మంగోల్ పాలకుడొకరు 1638లో రష్యా చక్రవర్తికి పంపిన కానుకల్లో తేయాకు ఉంది. తర్వాత చైనా నుంచి ఒంటెల బిడారుల మీద వచ్చేది. నీళ్లు మరిగించే "సమవార్" పేరులో "సమ" అంటే తానే, "వార్" అంటే మరిగేది. 1778 నాటికే తూలా నగరంలో సమవార్ల కార్ఖానా ఉంది. మాస్కో నుంచి తెలుగులో వచ్చిన పాత పిల్లల కథల పుస్తకాలు చదివినవాళ్లకు ఈ మాట కొత్త కాదు.

చాయ్ కాచే పద్ధతి మన ఫిల్టర్ కాఫీని గుర్తు చేస్తుంది. చిన్న కూజాలో "జవార్క" అనే చిక్కటి డికాక్షన్ తీసి, కొంచెం కప్పులో పోసి, వేడినీళ్లు కలుపుతారు. పాలు మామూలుగా పోయరు. కావాలంటే "చాయ్ స్ మలకోమ్" అనాలి. పక్కన పళ్ల పాకం "వరేన్యె" పెడితే చెంచాతో తింటూ చాయ్ తాగాలి.

ప్రాణం నిలిపే మాట "బిజ్"

"సాఖర్" అంటే చక్కెర, మన "శర్కర"కు బంధువు. "బిజ్" అంటే లేకుండా. "చాయ్ బిజ్ సాఖర" అంటే చక్కెర లేని చాయ్. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకు ఎంత అక్కరకొచ్చే మాటో చూడండి.

ఇదే "బిజ్" శాకాహారులను కాపాడుతుంది. మాంసం "మ్యాస". "బిజ్ మ్యాస" అంటే మాంసం లేకుండా. "యా నె యెమ్ మ్యాస" అంటే "నేను మాంసం తినను". గొడ్డు మాంసాన్ని "గవ్యాదిన" అంటారు. మన "గోవు", "పంచగవ్యం" తలచుకుంటే ఈ మాట మరిచిపోరు. పంది మాంసం "స్వినీన". కోడి "కూరిత్స", పేరు విని కూర అనుకునేరు! చేప "రీబ", గుడ్డు "యైత్సో". "ఇక్రా" అంటే చేప గుడ్లు. అయితే "బక్లజాన్నయ ఇక్రా" అంటే మాత్రం వంకాయ పచ్చడి, నిశ్చింతగా తినొచ్చు.

ఇంకో జాగ్రత్త. సూపులో ముక్క కనబడనంత మాత్రాన మాంసం లేదనుకోకూడదు. ష్చీ, బోర్ష్ చాలాసార్లు మాంసం ఉడికించిన నీళ్లతోనే కాస్తారు. ఆ నీళ్లను "బుల్యోన్" అంటారు. "పెల్మేని" అనే ఉండ్రాళ్లలాంటివాటిలో ఉండేదీ మాంసమే. "పిరష్కీ" అనే కజ్జికాయల్లో బంగాళాదుంప, క్యాబేజీ, మాంసం ఏదైనా ఉండొచ్చు కనుక అడిగి తినాలి. ఈస్టర్‌కు ముందు ఏడు వారాలు హోటళ్లలో "పోస్నయె" అనే ఉపవాస వంటకాలు దొరుకుతాయి. వాటిలో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. చేప మాత్రం అడిగి చూసుకోవాలి.

అక్షరాల తికమక

రష్యన్ అక్షరాలు కొన్ని ఇంగ్లీషువాటిలాగే కనిపించి మోసం చేస్తాయి. "సి" లాంటిది "స", "పి" లాంటిది "ర", "హెచ్" లాంటిది "న", "బి" లాంటిది "వ". అందుకే క్వాస్ పీపా మీది అక్షరాలు మనకు "కె, బి, ఎ, సి" లాగా కనిపిస్తాయి. ఈ నాలుగూ గుర్తుంటే బోర్డులు సగం చదివేసినట్టే.

ఈ ఆదివారం "వినెగ్రేత్" చేయండి

ఇది పూర్తి శాకాహార సలాడ్. అన్నీ మన బజారులో దొరికేవే.

కావలసినవి: బీట్‌రూట్ 2, బంగాళాదుంపలు 3, క్యారెట్లు 2, ఉల్లిపాయ 1, ఉడికించిన బఠాణీ అర కప్పు, ఉప్పునీళ్లలో ఊరిన కీరా దోసకాయలు 2, పొద్దుతిరుగుడు నూనె 3 చెంచాలు, తగినంత ఉప్పు.

చేసే విధానం: దుంపలన్నీ తొక్కతోనే ఉడికించి, పూర్తిగా చల్లారాక తొక్క తీసి చిన్న ముక్కలు కోయాలి. ముందుగా బీట్‌రూట్ ముక్కలకు మాత్రం నూనె పట్టించాలి. ఇలా చేస్తే దాని ఎరుపు మిగతా ముక్కలకు అంతగా అంటదు. తర్వాత ఉల్లి, దోస ముక్కలతో సహా అన్నీ కలిపి ఉప్పు వేసి అరగంట ఉంచాలి. ఊరిన దోసకాయలు లేకపోతే పచ్చి కీరా ముక్కలు, ఒక చెంచా నిమ్మరసం వేసుకోండి.

వడ్డించేటప్పుడు "ప్రియాత్నవ అపెతీత" అనండి. "ఇష్టంగా తినండి" అని. ఇందులో మన "ప్రియం" వినిపిస్తోందా? తిన్నవాళ్లు "ఫ్కూస్న" అంటే రుచిగా ఉందని, "స్పసీబ" అంటే కృతజ్ఞతలని. రోజుకు మూడేసి మాటలు నేర్చుకుంటే మీ అబ్బాయో, అమ్మాయో విమానం ఎక్కే నాటికి ఇంటిల్లిపాదికీ ఇవన్నీ వచ్చేస్తాయి. పొరబాటు పలికితే సిగ్గుపడకండి. పేర్వీ బ్లిన్ కోమమ్!