దాచిపెట్టిన లెక్కల పేపరు

మా పెద్దోడు నాలుగో తరగతిలో ఉన్నప్పుడే వాళ్ళమ్మ బీడీల లెక్క నోటితో చెప్పేవాడు. ఎన్ని కట్టలు ఇచ్చాం, బాగాలేవని ఎన్ని తీసేశారు, వారానికి ఎంత రావాలి, అన్నీ. నేను కాగితం మీద కూడి చూసేలోపే జవాబు వచ్చేది. షోలాపూర్‌లో మా గల్లీ అంతా వాడి గురించి చెప్పుకునేది. చుట్టాలొస్తే పిలిచి మరీ లెక్కలు అడిగించేవాణ్ణి. "మావోడి బుర్రే వేరు" అని పదిమంది ముందు మురిసిపోయేవాణ్ణి.

ఇప్పుడు వాడికి 22 ఏళ్ళు. నేను పనిచేసే చాదర్ల కార్ఖానాలోనే, నా పక్క మగ్గం మీద ఉన్నాడు. మగ్గం పని తక్కువని నేననను. మా తాత తెలంగాణ నుంచి ఈ ఊరికి వచ్చింది మగ్గాన్ని నమ్ముకునే. మూడు తరాల కడుపు నింపింది అదే. కానీ మావోడు ఇష్టపడి ఇటు రాలేదు. వేరే దారి మూసుకుపోయి వచ్చాడు. ఆ దారి మూసుకుపోవడంలో నా చెయ్యీ ఉంది. మన ఇండ్లలో అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

ఏడో తరగతి దాకా వాడు పుస్తకం ముట్టకుండానే ఫస్టు వచ్చేవాడు. ఎనిమిదిలో బీజగణితం వచ్చింది. మొట్టమొదటిసారి లెక్క అర్థం కాలేదు. అర్థం కాకపోతే అడగాలన్న అలవాటు వాడికి లేదు. అప్పటిదాకా ఆ అవసరమే రాలేదు. పైగా అడిగితే "తెలివైనోడు" అన్న పేరు పోతుందని భయం. ఒకరోజు ట్రంకుపెట్టె వెనక మడిచిపెట్టిన లెక్కల పేపరు దొరికింది. 100కు 31. "ఇంత తెలివి పెట్టుకొని ఇదేందిరా? బద్ధకం పెరిగింది నీకు" అని రెండు దెబ్బలు వేశాను. వాడు ఏడవలేదు. ఆ తర్వాత పేపర్లు చూపించడమే మానేశాడు. పదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. నాకూ చేయి ఆడని రోజులు, కార్ఖానాకు రమ్మన్నాను.

ఇంకో తప్పు కూడా చెప్పాలి. ఆ ఎనిమిదో తరగతిలోనే బళ్ళో స్కాలర్‌షిప్ పరీక్ష ఫారం ఇచ్చారు. ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నారు. దానికోసం తిరిగితే ఒకరోజు కూలి పోతుందని రేపు మాపు అన్నాను. గడువు దాటిపోయింది.

మా వాడలో ఉండే రిటైర్డ్ టీచరమ్మకు ఇదంతా చెప్పుకున్నాను. ఆమె తిట్టలేదు. అమెరికాలో మ్యూలర్, డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన పరిశోధన గురించి చెప్పింది. ఐదో తరగతి పిల్లలకు పజిళ్ళు ఇచ్చారు. బాగా చేసినందుకు కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని మెచ్చుకున్నారు, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత ఏ పని కావాలో ఎంచుకోమంటే, తెలివిని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది తప్పకుండా చేయగలిగేదే కోరుకున్నారు. కష్టాన్ని మెచ్చుకున్నవాళ్ళలో ఎక్కువమంది కొత్తగా నేర్చుకునేది కోరుకున్నారు. కష్టమైన పజిళ్ళలో దెబ్బతిన్నాక మొదటి గుంపు పిల్లలు తేలికవాటిలో కూడా వెనకబడ్డారు. తమకొచ్చిన మార్కులు ఎక్కువ చేసి చెప్పినవాళ్ళూ ఆ గుంపులోనే ఎక్కువ. అది విన్నప్పుడు నాకు ట్రంకుపెట్టె వెనకున్న పేపరు గుర్తొచ్చింది.

"తెలివి ఉన్నోడు ఎట్లయినా పైకొస్తడు గదా అమ్మా" అన్నాను. ఆమె రామానుజన్ కథ చెప్పింది. ఆయన తండ్రి కుంభకోణంలో బట్టల కొట్లో గుమాస్తా. ప్రపంచం మెచ్చిన ఆ లెక్కల మేధావి మిగతా సబ్జెక్టులు పట్టించుకోక కాలేజీలో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు, పరీక్షలు తప్పాడు. అప్పట్లో నెల్లూరు కలెక్టరుగా ఉన్న రామచంద్రరావు గారు నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. తర్వాత మద్రాసు పోర్ట్ ట్రస్టులో గుమాస్తా పని దొరికింది. ఆ తర్వాతే 1913లో ఇంగ్లండులోని హార్డీకి ఉత్తరం రాశాడు. అంతటివాడికే పట్టుకునే చెయ్యి కావలసి వచ్చింది.

మా చిన్నబిడ్డ ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం నాకు అన్నం తెచ్చి మగ్గం దగ్గర నిలబడిపోయింది. జకార్డ్ అట్టలు గొలుసులా తిరుగుతుంటే చూస్తూ, "నాయినా, ఆ రంధ్రాలెందుకు?" అంది. సరిగ్గా ఇదే ప్రశ్న వాళ్ళన్న కూడా చిన్నప్పుడు అడిగాడు. వాడితో "నీకెందుకురా, పో" అన్నాను. ఈసారి మగ్గం ఆపాను. రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు, అలా వరస వరసకీ మారుతూ పువ్వు పడుతుందని చూపించాను. "అయితే అవును, కాదు, అంతేనా?" అంది. అంతేనన్నాను. ఆ ఆలోచన ఎక్కడిదో నాకు తెలియదు, టీచరమ్మను అడుగుదామన్నాను.

ఆమె చెప్పింది విని నాకే ఆశ్చర్యమేసింది. ఫ్రాన్సులో జకార్డ్ 1804లో తయారుచేసిన ఆ మగ్గం అట్టలను చూసే, ఇంగ్లండులో బాబేజ్ లెక్కలు చేసే యంత్రానికి రంధ్రాల అట్టలు పెట్టాలనుకున్నాడట. 1890 అమెరికా జనాభా లెక్కలనూ రంధ్రాల కార్డుల మీదే లెక్కించారట. కంప్యూటరు తాతల్లో మన మగ్గం కూడా ఒకటన్నమాట. సేటును అడిగి అరిగిపోయిన అట్టలు కొన్ని ఇంటికి తెచ్చాను. బిడ్డ గళ్ళ నోటుబుక్కులో తామరపువ్వు గీసింది. నాలుగుసార్లు వంకర పోయింది. అయిదోసారి కుదిరింది. "నువ్వు తెలివైనదానివి" అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకొని, "మూడోసారి ఏం మార్చినవ్ బిడ్డా?" అన్నాను. గంటసేపు చెప్పింది.

అప్పట్నుంచి మా ఇంట్లో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. చుట్టాల ముందు లెక్కలు అడిగించం. మార్కులకన్నా ముందు "ఇయ్యాల ఏది కష్టమైంది?" అని అడుగుతాం. బళ్ళో మరాఠీలో అర్థం కానిది ఇంట్లో తెలుగులో మాట్లాడుకుంటాం. చదువు గంటలో బీడీ ఆకు బిడ్డ చేతికివ్వం. ఈ చివరిది మా ఆవిడ పెట్టిన నియమం. దానివల్ల రోజుకు కొన్ని బీడీలు తగ్గుతాయి. తగ్గనీ అంది.

ఎనిమిదో తరగతి పిల్లలున్నవాళ్ళు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. కేంద్ర ప్రభుత్వపు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. సర్కారీ, మున్సిపల్, ఎయిడెడ్ బళ్ళలో ఎనిమిది చదువుతూ, ఏడులో 55 శాతం తెచ్చుకున్న పిల్లలు రాయొచ్చు. ఎస్.సి., ఎస్.టి. పిల్లలకు 50 చాలు. తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఆదాయం సర్టిఫికెట్ ముందే తీసిపెట్టుకోండి. నాలా ఒకరోజు కూలి చూసుకోకండి.

పోయినేడు మా బిడ్డ ఆ పరీక్ష రాసింది. ఎంపిక కాలేదు. ఫలితం వచ్చిన రాత్రి నేను ఏమంటానోనని మా ఆవిడ నావైపే చూస్తోంది. బిడ్డ లోపలికి వెళ్ళి ప్రశ్నపత్రం తెచ్చి నా ముందు పరిచింది. "నాయినా, ఈ పన్నెండు నాకు రాలే. గుర్తుపెట్టుకున్న" అంది. పన్నెండు చోట్ల పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

అందులో సగం నాకు అర్థమే కాలేదు. అప్పుడే పనినుంచి వచ్చిన మా పెద్దోడు చేతులు కడుక్కొని వచ్చి చెల్లె పక్కన కూచున్నాడు. కాసేపు చూసి, "మూడోది నాకు తెలుస్తది, పెన్సిల్ ఇటియ్యి" అన్నాడు. ఆ రాత్రి ఇద్దరూ కలిసి ఆరు చేశారు.