ఫైబరు గ్లాసు పడవల పైపూతలో పగుళ్ళు: మరమ్మతులో పాటించవలసిన మెలకువలు

రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ, మొయినాబాద్ ప్రాంతాలలో కురిసిన వర్షపు నీరు మూసీ, ఈసీ నదుల ద్వారా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు చేరుతుంది. 1908 నాటి మూసీ వరదల అనంతరం నిర్మాణం చేపట్టగా 1920లో ఒకటి, 1927లో మరొకటి పూర్తయిన ఈ జలాశయాలు జంటనగరాలకు త్రాగునీటి వనరులు. అందువలన ఇచ్చట ఫైబరు గ్లాసు పడవకు మరమ్మతు చేయవలసి వచ్చినపుడు పడవ ఎక్కువారి భద్రతతో పాటు నీటి స్వచ్ఛతను కూడా దృష్టిలో ఉంచుకొనవలెను.

పడవ వెలుపల కనిపించే నునుపైన రంగు పొరను జెల్‌కోట్ అంటారు. ఇది రంగు కలిపిన పాలియెస్టర్ రెజిన్. మందం సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. పడవకు బలాన్నిచ్చేవి దీని క్రింద గల గాజునార పొరలు. కనుక వెంట్రుకవాసి పగులు కనబడినంత మాత్రాన పడవకు చిల్లు పడినట్లు కాదు. విలేఖరులు వార్తలలో ఈ భేదం పాటించినచో అనవసర భయాందోళనలు తగ్గుతాయి. అయితే పగులును ఉపేక్షించుట కూడా తగదు. దాని గుండా ఇంకిన నీరు కాలక్రమేణా లోపలి పొరలను విడదీయగలదు.

పగులు ఆకృతిని బట్టి కారణం తెలియును. నక్షత్రం వలె చీలినచో దెబ్బ తగిలినట్లు, సమాంతర గీతలుగా ఉన్నచో ఆ భాగం వంగుచున్నట్లు భావించవచ్చును. వంగుటకు గల కారణాన్ని సరిదిద్దక పైపూత మాత్రమే నింపినచో పగులు మరల అక్కడనే తేలును. చెక్క సుత్తితో మెల్లగా తట్టినపుడు బొంగురు శబ్దం వచ్చినచో పొరలు విడిపోయినట్లు అనుమానించి ముందుగా గాజునారను బాగుచేయవలెను.

పగులును అడుగు వరకు 'వి' ఆకారంలో గీసి, అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వవలెను. తయారీదారు సూచించిన మోతాదులో, సాధారణంగా నూటికి 1 నుండి 2 పాళ్ళు, గట్టిపరచు ద్రావకాన్ని జెల్‌కోట్‌లో కలిపి అంచుకంటె కొంచెం ఎత్తుగా నింపవలెను. గాలి తగిలిన పైభాగం జిగటగానే మిగులును గనుక పాలిథీన్ కాగితం కప్పవలెను. గట్టిపడిన పిమ్మట తడి ఉప్పుకాగితంతో, గరుకు రకం మొదలుకొని సన్నరకం వరకు, రుద్ది మెరుగు పెట్టవలెను. వానపట్టున ఈ పని చేయరాదు.

గట్టిపరచు ద్రావకాన్ని కోబాల్టు ద్రావకంతో నేరుగా కలుపరాదు, ప్రేలుడు సంభవించగలదు. కంటిలో పడినచో చూపుకే ప్రమాదము. కళ్ళద్దాలు, చేతొడుగులు, ముఖతొడుగు తప్పనిసరి.

ఈ పనిని జలాశయపు ఒడ్డున కాక దూరంగా, నేలపై పట్టా పరచి చేయవలెను. 1996 నాటి జీ.ఓ. 111 ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో జీ.ఓ. 69 ద్వారా తొలగించినప్పటికీ, జలాశయాల నీటి నాణ్యత దెబ్బతినరాదన్న షరతు అందులోనూ ఉన్నది. రుద్దగా వచ్చిన పొడిని, రుద్దిన నీటిని కాలువలలోనికి వదలరాదు. మిగిలిన మిశ్రమం గట్టిపడునపుడు వేడెక్కును గనుక, అది పూర్తిగా చల్లారిన తరువాతనే చెత్తలో వేయవలెను.